బెల్టు మార్చినా స్కూటర్ వణుకు ఎందుకు తగ్గలేదు?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్ నగర్. ఇంటి దగ్గరే కర్రీ పాయింట్ నడుపుతున్నాం. 2018 మోడల్ 110 సీసీ స్కూటర్ ఉంది, 41 వేల కిలోమీటర్లు తిరిగింది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో సీటు దాకా మునిగింది. నీళ్లు పోయాక ఇంజిన్ ఆయిల్, ప్లగ్, ఎయిర్ ఫిల్టర్ మార్పిస్తే స్టార్ట్ అయింది. కొన్నాళ్లకు బండి కదిలేటప్పుడు గడగడా వణకడం మొదలైంది. మెకానిక్ చెబితే బెల్టు, రోలర్లు మార్పించాను. ఒక నెల బాగుంది, మళ్లీ మామూలే. వెనక క్యారియర్ల లోడు పెట్టి ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ఇంజిన్ అరుస్తోంది గానీ బండి లాగడం లేదు. కాలిన వాసన కూడా వస్తోంది. ఇప్పుడు అదే మెకానిక్ ముందూ వెనకా పుల్లీల ఫుల్ సెట్ మార్చాలంటున్నాడు. మా మరిదేమో తేలిక రోలర్లు వేస్తే పికప్ వచ్చేస్తుంది, వీడియోలు చూసి నేనే విప్పి వేస్తానంటున్నాడు. ఎవరి మాట వినమంటారు?
ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు:

అమ్మా, ప్రస్తుతానికి ఇద్దరి మాటా వినకండి. ఫుల్ సెట్‌కి డబ్బు అసలు ఇవ్వకండి. మీరు రాసిన లక్షణాలు చూస్తే గొడవ బండి వెనక పుల్లీలో ఉంది. మీరు మార్పించిన రోలర్లేమో ముందు పుల్లీవి. వరద తర్వాత ఆ వెనక భాగాన్ని ఇంతవరకూ ఎవరూ పూర్తిగా విప్పినట్టు లేదు.

మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాట ‘ఒక నెల బాగుంది’ అన్నది. కొత్త బెల్టు నెలలో అరిగిపోదు, రోలర్లూ అంతే. మరి ఆ నెల ఎందుకు బాగుంది? బెల్టు వేయడానికి ఎడమవైపు కవర్ విప్పుతారు. విప్పిన మెకానిక్ ఎవరైనా ముందు లోపల ఎయిర్ కొడతాడు. క్లచ్ పొడి, ఎండిపోయిన వరద మట్టి కొంత ఎగిరిపోతుంది. మీకు ఆ నెల రోజుల సుఖం దాని వల్ల వచ్చింది, పేరు మాత్రం బెల్టుకి వచ్చింది. పొడి మళ్లీ చేరేసరికి వణుకు తిరిగొచ్చింది.

మెకానిక్ దగ్గర నిలబడి మాట్లాడాలంటే ఆ కవర్ కింద ఏముందో కాస్త తెలియాలి. ముందు చివర, ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ (ఇంజిన్‌తో తిరిగే ఇరుసు) మీద ఒక పుల్లీ ఉంటుంది. దాన్నే వేరియేటర్ అంటారు. వెనక చివర, చక్రం వైపు ఇంకో పుల్లీ, దానికి అంటుకుని క్లచ్ ఉంటాయి. రెండు పుల్లీలనీ కలిపేది బెల్టు. ఒక్కో పుల్లీకి రెండేసి పలకలు. ఒకటి కదలదు, రెండోది జరుగుతుంది. పలకలు దగ్గరైతే మధ్యలో ఉన్న బెల్టు అంచు వైపు పైకెక్కుతుంది, దూరమైతే లోపలికి దిగుతుంది. ముందు పుల్లీలో పలకను నెట్టేవి రోలర్లు. ఇంజిన్ వేగం పెరిగే కొద్దీ అవి బయటికి జరిగి పలకను తోస్తాయి. వెనక పుల్లీలో పలకను మూసి ఉంచేది ఒక పెద్ద స్ప్రింగ్. బండి ఆగి ఉన్నప్పుడు బెల్టు ముందు పుల్లీలో లోతుగానూ, వెనక పుల్లీలో అంచునా ఉంటుంది. గేర్ల బండి భాషలో చెప్పాలంటే అది ఫస్ట్ గేర్. స్పీడు పెరుగుతుంటే ముందు పైకెక్కుతుంది, వెనక లోపలికి దిగుతుంది. 1980లలో కైనెటిక్ హోండా వచ్చిన రోజుల నుంచి ఇవాళ్టి యాక్టివా, జూపిటర్, యాక్సెస్ దాకా కిటుకు ఇదే.

ఇందులో చాలామంది గుర్తించని సంగతి ఒకటుంది. ఇంజిన్ ఆన్‌లో ఉండి బండి కదలకుండా నిలబడినప్పుడు కూడా బెల్టు తిరుగుతూనే ఉంటుంది. వెనక పుల్లీ కూడా తిరుగుతుంది. తిరగనివి చక్రం, దానితో కలిసి ఉండే భాగాలే. మీరు రేస్ ఇవ్వగానే వెనక పుల్లీ మీదున్న క్లచ్ షూలు (చాలా బండ్లలో మూడుంటాయి) బయటికి తెరుచుకుని, చుట్టూ గిన్నెలా ఉండే బెల్‌ని లోపలి నుంచి పట్టుకుంటాయి. బెల్ తిరిగితే చక్రం తిరుగుతుంది. అంటే బండి కదిలే క్షణంలో జరిగే పనంతా షూలకీ బెల్‌కీ మధ్యే. ఆ క్షణంలో వణికితే మొదట అనుమానించాల్సింది ఆ రెండింటినే, బెల్టుని కాదు. అయినా మన దగ్గర బండి ఎక్కడ వణికినా ముందు మార్చేది బెల్టే.

అందుకే వణుకు ఏ స్పీడులో వస్తోందో మీరే ఒకసారి గమనించండి, మీటర్ మీద ఓ కన్ను వేసి. కదిలినప్పటి నుంచి ఇరవై లోపు వణికి తర్వాత మాయమైతే క్లచ్, బెల్. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎక్కువగా వచ్చి, తిరిగాక తగ్గితే బెల్ లోపల తుప్పో తేమో ఉన్నట్టు. అదే ట్రాఫిక్‌లో బాగా వేడెక్కాక పెరిగితే షూల లైనింగ్ (పట్టు కోసం షూల మీద అతికించిన పొర) గాజులా నునుపెక్కినట్టు. ముప్పై, నలభై దగ్గర కాసేపు ఎక్కడిదక్కడ ఆగినట్టుండి ఉన్నట్టుండి లాగితే రోలర్లు ఒకపక్క చదునుగా అరిగాయి, లేదా పుల్లీ పలక ఎక్కడో పట్టేస్తోంది. నిలబెట్టి ఉన్నప్పుడు టకటకమని శబ్దం వచ్చి, రేస్ ఇవ్వగానే పోతే వేరియేటర్ లోపలుండే చిన్న ప్లాస్టిక్ ముక్కలు లూజయ్యాయి. పికప్ ఫర్వాలేదు గానీ టాప్ స్పీడు పడిపోతే బెల్టు వెడల్పు తగ్గినట్టు. అన్ని స్పీడుల్లోనూ ఒకేలా అదురుతుంటే ఈ కవర్ జోలికే పోనక్కర్లేదు. ఇంజిన్‌ని బండికి పట్టి ఉంచే బుష్‌లు, చక్రం బేరింగ్ చూపించండి.

మీ బండికి మొదటి లక్షణం ఎలాగూ ఉంది. దానితోపాటు ఇంజిన్ అరిచి బండి లాగకపోవడం, కాలిన వాసన. ఈ మూడూ మూడు జబ్బులని మెకానిక్ అనుకుంటున్నాడు, అందుకే ఫుల్ సెట్ అంటున్నాడు. నాకు మాత్రం మూడూ ఒకే చోట పుట్టినవనిపిస్తోంది. ఆ చోటుకి దారి వేసింది వరదే.

బుడమేరు నీళ్లు అన్ని రోజులు నిలిచిపోయాక బండ్లని బాగుచేసిన తీరు దాదాపు అందరిదీ ఒకటే. ఇంజిన్ స్టార్ట్ కాకపోవడం కంటికి కనిపించే సమస్య కాబట్టి దాన్ని చూశారు. స్టార్ట్ అయ్యింది, చక్రం తిరిగింది, బండి ఇంటికొచ్చింది. బెల్టు కవర్‌ని ఎవరూ ముట్టుకోలేదు. కానీ ఆ కవర్ నీళ్లు చొరబడనిదేం కాదు. లోపల వేడి తగ్గడానికి గాలి పీల్చుకునే గొట్టం ఉంటుంది. బండి సీటు దాకా మునిగిందంటే నీళ్లతోపాటు సన్న ఒండ్రు కూడా లోపలికి పోయినట్టే. నీళ్లు ఆరిపోతాయి, ఒండ్రు ఉండిపోతుంది.

అది చేసే చెరుపు మూడు చోట్ల. బెల్ లోపలి గోడ ఉత్త ఇనుము కాబట్టి తుప్పు పడుతుంది. షూల లైనింగ్‌లో ఇసుక నలుసులు దిగబడతాయి. ఈ రెండూ కలిస్తే షూ బెల్‌ని నున్నగా పట్టుకోలేదు. పట్టి, వదిలి, మళ్లీ పట్టి... మీకు తెలిసే గడగడ అదే. కానీ అసలు మాట మూడో చోటు గురించి.

వెనక పుల్లీలో జరిగే పలక మధ్యలో ఒక గొట్టం ఉంటుంది. దానికి ఏటవాలుగా గాడులు, ఆ గాడుల్లో చిన్న పిన్నులు. పైన ఒక రేకు తొడుగు, దానికి రెండు ఓ-రింగులు (గుండ్రటి రబ్బరు రింగులు). గాడుల నిండా గ్రీజు. ఈ ఏటవాలు గాడుల వల్లే లోడు పెరిగినప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు పలకలు ఇంకాస్త గట్టిగా బిగుసుకుని బెల్టు జారకుండా పట్టుకుంటాయి. బండి స్లో అయ్యి ఆగినప్పుడు బెల్టు మళ్లీ వెనక అంచుకి చేరాలన్నా పలక అక్కడే సాఫీగా జరగాలి. వరద నీళ్లు ఈ గ్రీజులో కలిస్తే అది మొదట తెల్లగా నురగలా మారుతుంది. తర్వాత ఎండి, ఒండ్రుతో కలిసి గట్టి ముద్దవుతుంది. పలక జరగదు, లేదా గీరుకుంటూ సగం దాకా జరిగి ఆగిపోతుంది.

అప్పుడేమవుతుందో చూడండి. మీరు సిగ్నల్ దగ్గర ఆగారు. బెల్టు ఫస్ట్ గేర్ చోటుకి పూర్తిగా రాలేదు. పచ్చ లైటు పడగానే రేస్ ఇచ్చారు. బండి సెకండ్ గేర్‌లోనో థర్డ్‌లోనో కదలాల్సి వచ్చింది, అదీ కూరల క్యారియర్ల బరువుతో. క్లచ్ షూలు అంత భారాన్ని ఒక్కసారిగా పట్టలేక బెల్‌లో జారుతూ తిరుగుతాయి. జారితే వేడి, వేడికి లైనింగ్ నునుపెక్కడం, నునుపెక్కితే ఇంకా జారడం. ఫ్లైఓవర్ మీద ఇంజిన్ అరవడం, కాలిన వాసన, కదిలేటప్పుడు వణుకు అన్నీ ఆ ఒక్క పలక దగ్గర మొదలైనవే కావచ్చు. బెల్టు మార్చితే ఇది పోదు. వేరియేటర్ మార్చినా పోదు.

కవర్ విప్పించే ముందు పైసా ఖర్చు లేకుండా ఇంట్లో చూసుకోవాల్సినవి రెండున్నాయి. ఇంజిన్ ఆపి, సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పండి. ఆగకుండా తిరగాలి. వరదలో మునిగిన బండ్లకి వెనక డ్రమ్ బ్రేక్ లోపల తుప్పు పట్టి, లివర్ వదిలినా షూలు పూర్తిగా వెనక్కి రావు. సగం బ్రేక్ మీద ఫ్లైఓవర్ ఎక్కితే ఏ బండైనా అరుస్తుంది. రెండోది, బండి మీద కూర్చుని ఇంజిన్ ఆన్ చేసి, రేస్ ఇవ్వకుండా బ్రేక్ వదలండి. చదును నేల మీద బండి దానంతట అదే ముందుకి పాకకూడదు. పాకితే ఐడిలింగ్ (రేస్ ఇవ్వనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) ఎక్కువ పెట్టారు, లేదా క్లచ్ స్ప్రింగులు సాగిపోయాయి. అలాంటప్పుడు షూలు ఎప్పుడూ బెల్‌ని సగం రాసుకుంటూనే ఉంటాయి.

ఇక మెకానిక్ దగ్గరికి వెళ్లినప్పుడు ‘ఫుల్ సెట్ ఎంత?’ అని అడగకండి. ‘వెనక పుల్లీ బయటికి తీసి నా ముందు చూపించు’ అనండి. బెల్టు తీశాక ఆ పుల్లీని బల్ల మీద పెట్టి, రెండు పలకల్నీ రెండు చేతులతో ఎదురెదురుగా తిప్పుతూ తెరిస్తే స్ప్రింగ్ బలానికి గట్టిగానే ఉంటుంది గానీ తెరుచుకుంటుంది. వదలగానే టక్కున మూసుకోవాలి. గరగరమంటూ మెల్లగా మూసుకున్నా, మధ్యలో ఆగిపోయినా జబ్బు దొరికినట్టే. మెకానిక్‌కి ఇక చెప్పే పని ఉండదు, తనకే అర్థమవుతుంది.

దొరికాక చేయాల్సిన పని పెద్దదేం కాదు. పుల్లీ విప్పి, పాత గ్రీజుని కిరసనాయిల్‌తో పూర్తిగా కడిగి, బాగా ఆరబెట్టి, గాడుల్లో తుప్పు గుంటలు పడ్డాయేమో చూడాలి. పిన్నులు అరిగితే మార్చాలి. ఓ-రింగులు, ఆయిల్ సీళ్లు తక్కువ ధరవే, పాతవి మళ్లీ వేయనివ్వకండి. లోపలి బేరింగ్‌ని వేలితో తిప్పి చూడమనండి, గరగరమంటే అది కూడా మార్చాల్సిందే. కొత్త గ్రీజు వేడికి తట్టుకునే రకం కావాలి, అది కూడా గాడుల వరకే. ఇక్కడ మన మెకానిక్‌ల చేతులు ధారాళం. ఎక్కువ పూస్తే అది తిరిగే వేగానికి బయటికి చిమ్మి బెల్టు మీద, పలకల మీద పడుతుంది. అప్పుడు మీ కొత్త బెల్టు నిజంగానే జారడం మొదలుపెడుతుంది.

బెల్ లోపలి వైపుని వెలుతురులో పెట్టి చూడండి. పైపైన తుప్పు ఉంటే ఎమ్రీ పేపర్‌తో సమంగా రుద్దితే సరిపోతుంది. నీలం రంగు మచ్చలుంటే చాలా వేడెక్కిందని అర్థం. వేలు పెట్టి తడిమితే మెట్టులాగా తగిలినా, గుండ్రం తప్పినా బెల్ మార్చాలి, రుద్ది లాభం లేదు. షూల లైనింగ్ మందంగా ఉండి, మెరుస్తూ ఉంటే ఆ మెరుపు పోయేదాకా ఎమ్రీ పేపర్‌తో తేలిగ్గా గరుకు చేయొచ్చు. లైనింగ్ పలచబడినా, ఒక షూది ఎక్కువ ఒక షూది తక్కువ అరిగినా, అంచు లేచినా క్లచ్ అసెంబ్లీ మార్చడమే మేలు. 41 వేల కిలోమీటర్లు, రోజూ లోడు, ఒక వరద. మీ షూలు అయిపోయి ఉన్నా నేను ఆశ్చర్యపోను. కానీ అది చూసి తేల్చాల్సిన విషయం.

మొన్న వేసిన బెల్టుని పారేయనివ్వకండి. దాన్ని లోపలి వైపు బయటికొచ్చేలా వంచితే పళ్ల మధ్య పగుళ్లు ఉన్నాయో లేదో కనిపిస్తాయి. పక్క అంచుల్లో దారాలు లేవకూడదు. వెడల్పుని వెర్నియర్‌తో (సన్నటి కొలతలు తీసే పనిముట్టు) కొలిపించి, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న హద్దుతో పోల్చమనండి. కొత్తదానికీ మార్చాల్సినదానికీ తేడా ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపే ఉంటుంది కాబట్టి కంటితో చూసి ‘అయిపోయిందమ్మా’ అంటే నమ్మనక్కర్లేదు. ఒకవేళ బెల్టు నూనెతో తడిసి ఉంటే మాత్రం తుడిచి వాడొద్దు, మార్చాలి. ఆ నూనె ఎక్కడి నుంచి వచ్చిందో తేల్చకుండా కొత్తది వేయొద్దు కూడా. ముందు పుల్లీ వెనక ఉండే క్రాంక్ ఆయిల్ సీల్ కారుతోందా, లేక వెనక నుంచి చిమ్మిన గ్రీజా అన్నది చూస్తే తెలిసిపోతుంది.

ముందు పుల్లీని కూడా ఒకసారి తీయమనండి. మార్చడానికి కాదు, చూడటానికి. జరిగే పలక ఒక ఉక్కు గొట్టం మీద జారుతుంది. దాన్ని బుష్ అనో బాస్ అనో అంటారు. వరద బండికి అది కూడా తుప్పు పట్టి ఉండొచ్చు. రోలర్లు మార్చినప్పుడు పక్కనే ఉండే మూడు చిన్న ప్లాస్టిక్ ముక్కల్ని చాలామంది మార్చరు, అడిగి చూడండి. చాలా మోడళ్లలో రోలర్లు పొడిగానే తిరగాలి, అక్కడ గ్రీజు పూస్తే దుమ్ముని పిలిచినట్టే.

ఇక్కడో చిన్న పరీక్ష ఉంది, నాకు చాలా ఇష్టమైనది. పలకల్ని థిన్నర్‌తో శుభ్రంగా తుడిచాక, ముందు పుల్లీ పలక మీద మధ్య నుంచి అంచు దాకా పర్మనెంట్ మార్కర్‌తో ఒక అడ్డగీత గీయమనండి. కవర్ బిగించి, ఖాళీ రోడ్డు మీద టాప్ స్పీడు దాకా ఒకసారి నడిపి వచ్చి మళ్లీ విప్పాలి. బెల్టు ఎంతవరకు ఎక్కిందో అంతవరకు గీత చెరిగిపోయి ఉంటుంది. అంచుకి కాస్త ఇవతల వరకూ చెరిగితే పుల్లీ పూర్తిగా మూసుకుంటోంది, వేరియేటర్ బాగుంది. సగంలోనే ఆగితే ఎక్కడో పడుతోంది, లేదా బెల్టు సన్నబడింది. మళ్లీ కవర్ విప్పాలా అని మెకానిక్ విసుక్కుంటాడు. ఫుల్ సెట్ ఖర్చుతో పోలిస్తే ఆ అరగంట లేబర్ ఎక్కువేం కాదు.

బిగించేటప్పుడు జరిగే ఒక పొరపాటు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దాని ఫలితం ఖరీదైనది. బెల్టు వేసేటప్పుడు వెనక పలకల్ని బలవంతంగా తెరిచి బెల్టుని లోతుగా దింపాలి. అప్పుడే ముందువైపు బెల్టు వదులుగా ఉంటుంది, ముందు పుల్లీ నట్టు సరిగ్గా కూర్చుంటుంది. అలా దింపకుండా నట్టు బిగిస్తే బెల్టు రెండు పలకల మధ్య నలిగి అడ్డం పడుతుంది. నట్టు బిగుసుకున్నట్టే అనిపిస్తుంది, నిజానికి బయటి పలక బాస్‌కి ఆని ఉండదు. కొంత దూరం తిరిగాక బెల్టు తన చోటుకి జరుగుతుంది, నట్టు వదులవుతుంది, పలక మధ్యలోని పళ్లు నలిగిపోతాయి. ఒక్కోసారి క్రాంక్ షాఫ్ట్ పళ్లు కూడా పోతాయి. దానికి ఇంజిన్ దించాల్సిందే. బిగించాక బండి స్టార్ట్ చేసే ముందు ముందు పుల్లీని చేత్తో కొన్ని చుట్లు తిప్పి, బెల్టు మెల్లగా పైకొచ్చి బిగువెక్కుతోందో లేదో చూడమనండి. నట్టు విప్పడానికి పుల్లీ రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ అడ్డం పెడితే వెంటనే ఆపండి, ఆ రెక్కలు అల్యూమినియంవి, పుటుక్కున విరుగుతాయి. దానికి వేరే హోల్డర్ ఉంటుంది.

గేర్ ఆయిల్ మాట ఎవరూ ఎత్తినట్టు లేదు. వెనక చక్రం దగ్గర చిన్న గేర్ బాక్స్ ఉంటుంది, అందులో నూరు మిల్లీలీటర్లకు కాస్త అటూఇటూ ఆయిలే ఉంటుంది కాబట్టి అందరూ మర్చిపోతారు. దింపి చూడండి. పాలు కలిపిన టీ రంగులో వస్తే వరద నీళ్లు ఇంకా అందులోనే ఉన్నట్టు. కొత్తది పోసి, కొన్నాళ్లు తిరిగాక మళ్లీ మార్చండి. అప్పటికీ చక్రం దగ్గర గీర శబ్దం వస్తుంటే లోపలి బేరింగులు చూపించాలి.

మీ నడిపే తీరు గురించి కూడా ఒక మాట, ఏమీ అనుకోకండి. లోడుతో సింగ్ నగర్ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే ట్రాఫిక్ ఆగుతుంది. బండి వెనక్కి జారకుండా చాలామంది బ్రేక్ పట్టరు, కొంచెం రేస్ ఇచ్చి అక్కడే నిలబెడతారు. గేర్ లేని బండి కదా, ఆగిపోదు, హాయిగా ఉంటుంది. ఆ హాయి అంతా క్లచ్ షూలని కాలుస్తోంది. బండి కదలకుండా ఇంజిన్ లాగుతోందంటే షూలు బెల్‌కి రాసుకుంటున్నాయన్నమాట. ఆగితే రేస్ పూర్తిగా వదిలి బ్రేక్ పట్టుకోండి. కదలాల్సి వచ్చినప్పుడు బ్రేక్ వదిలి రేస్ ఒకేలా ఇచ్చి ఎత్తుకోండి. బ్రేకూ రేసూ రెండూ కలిపి ఆడించే అలవాటుంటే కొత్త క్లచ్ వేసినా ఇదే కథ. కాలిన వాసన వచ్చిన రోజున బండిని కాసేపు పక్కన పెట్టి చల్లారనివ్వండి. ఉన్నట్టుండి ఢామ్మని శబ్దం వచ్చి, ఇంజిన్ తిరుగుతున్నా బండి కదలకపోతే బెల్టు తెగినట్టు. మళ్లీ మళ్లీ కిక్ కొట్టకండి, తెగిన ముక్కలు లోపల చుట్టుకుంటాయి. తోసుకుంటూ తీసుకెళ్లండి.

డబ్బు లెక్క ఎలా ఉంటుందంటే, ఓ-రింగులు, సీళ్లు, గ్రీజు, గేర్ ఆయిల్ అన్నీ కలిపినా వందల్లోనే తేలతాయి. క్లచ్ అసెంబ్లీ, బెల్, పుల్లీలు వేలల్లోకి తీసుకెళతాయి. అందుకే ముందు మొదటివి చేయించి, మిగతావి చూసి తేల్చండి. వెనక పుల్లీ గాడుల్లో తుప్పు లోతుగా గుంటలు పెట్టి ఉంటే మాత్రం కడిగి లాభం లేదు, ఆ పుల్లీ మార్చాలి. ఏది మార్చినా పాత సామాను మీకు ఇమ్మని ముందే చెప్పండి. కొత్తది సీల్ విప్పని కంపెనీ ప్యాకెట్‌లో, ఎమ్మార్పీ కనిపించేలా ఉండాలి. ఆటోనగర్ ఉన్న ఊళ్లో అసలు సామాను దొరకదన్న సాకు చెల్లదు.

మీ మరిది గారి విషయానికొద్దాం. తేలిక రోలర్లు వేస్తే ఇంజిన్ ఇంకా ఎక్కువ తిరిగాక గానీ బెల్టు పైకెక్కదు. అంటే బండి ఎక్కువసేపు తక్కువ గేర్‌లో ఉంటుంది, పికప్ పెరిగినట్టు అనిపిస్తుంది. అందులో అబద్ధం లేదు. బదులుగా మైలేజ్ తగ్గుతుంది, మామూలు స్పీడుకే ఇంజిన్ అరుస్తుంది. మీ బండి ఇప్పటికే అరుస్తోంది. జారుతున్న క్లచ్‌కి ఇంకా ఎక్కువ తిరిగే ఇంజిన్‌ని జోడిస్తే వేడి పెరగడం తప్ప లాభం లేదు. కంపెనీ ఇచ్చిన బరువు రోలర్లే ఉంచండి. మొన్న వేసినవి అదే బరువో కాదో కూడా చూడటం మంచిది, బరువు కొన్నిటి మీద రాసే ఉంటుంది, లేకపోతే బంగారం కొట్టులో తూయించినా చాలు.

వీడియో చూసి ఇంట్లో విప్పడం గురించి: కవర్ తీసి దుమ్ము తుడవడం, బెల్టు చూడటం వరకూ చేసుకోనివ్వండి, నేర్చుకుంటాడు. ఆ దుమ్ముని నోటితో ఊదొద్దనండి, ముక్కుకి గుడ్డ కట్టుకోమనండి. కవర్ లేకుండా ఇంజిన్ స్టార్ట్ చేయొద్దనండి. వెనక క్లచ్ మధ్యలో ఉన్న పెద్ద నట్టుని మాత్రం ముట్టుకోనివ్వొద్దు. దాని కింద స్ప్రింగ్ పూర్తిగా అణిచి ఉంటుంది. ప్రెస్సో, స్ప్రింగ్‌ని అణిచి పట్టే పనిముట్టో లేకుండా నట్టు విప్పితే క్లచ్ మొత్తం ముఖం మీదికి ఎగురుతుంది. వెనక పుల్లీ పని షాపులోనే, మీరు పక్కన నిలబడి ఉండగా చేయించండి.